పక్క మంచం మనిషి

నేను కాపరానికి వచ్చేసరికి మా అత్తకీ చిన్నత్తకీ మాటలు ఆగిపోయి దగ్గర దగ్గర ముప్పై ఏళ్లయింది. పెళ్ళిచూపులనాడు ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. అబ్బాయికి పోర్టులో ఉద్యోగమనీ, ఇద్దరన్నదమ్ముల ఇళ్లకీ కలిపి ఒకటే పెరడనీ చెప్పారు. ఆ పెరట్లో ఒకే నూతి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కన కూర్చుని అంట్లు తోముకుంటూ, ఒకరినొకరు చూడనట్టే లేచి వెళ్లిపోతారని మాత్రం చెప్పలేదు.

మామ అన్నయ్య, చినమామ తమ్ముడు. వాళ్లిద్దరికీ ఏ గొడవా లేదు. పొద్దున్నే అరుగు మీద చేరి చుట్టలు కాల్చుకుంటూ గంటల తరబడి మాట్లాడుకునేవారు. గొడవంతా వాళ్ల భార్యలది. దానికి మూలం మామ గదిలో గోడకి వేలాడుతూ ఉండేది.

అదొక ఫొటో. మా తాతమామ, అంటే మామ తండ్రి, బతికుండగా తీయించిన ఒకే ఒక్క ఫొటో. పట్నంలో పాత పోస్టాఫీసు దగ్గర ఏదో స్టూడియోలో తీశారు. మధ్యలో తాతమామ కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఆయన వెనక ఇద్దరు కొడుకులు. పక్కన కొత్త పెళ్లికూతురు చిన్నత్త, తల మీద గోపురంలా పూలు పెట్టుకుని. ఆ పూల వెనక నుంచి ఒక చెవి కనిపిస్తుంది. చెవికి ఒక దుద్దు ఉంటుంది.

"ఇదిగో, ఇదే మీ అత్త," అని ఆ చెవిని చూపించాడు మామ, నేను ఆ ఇంట అడుగుపెట్టిన రోజున.

ఫొటో ఇంటికొచ్చిన పూట మా అత్త, "ఇంటి పెద్దకోడల్ని పువ్వుల ఎనకాల దాసీసింది," అందట. చిన్నత్త మారు మాట్లాడకుండా లోపలికి పోయిందట. వారం పోయాక ఎవరో ఒకరు పలకరిస్తారనుకున్నారు. నెల పోయింది, ఏడాది పోయింది. ఆ తరవాత పలకరించడమే వింతగా ఉంటుందని ఇద్దరూ ఊరుకున్నారు.

మాటల్లేవని పనులు ఆగవు కదా. దానికి వాళ్లకి వేరే ఏర్పాట్లు ఉండేవి. మా అత్త ఏదైనా చెప్పాలంటే చిన్నత్త కోడితో చెప్పేది.

"ఓలి కోడీ, మీ అమ్మతో సెప్పు. రేసన్ కొట్టుకాడ కిరసనాయిలు ఇత్తన్నారట. ఇప్పుడెల్లకపోతే అయిపోద్ది."

చిన్నత్త డబ్బా పట్టుకుని బయల్దేరేది. తిరిగొచ్చాక మా దూడ దగ్గర నిలబడి, "దూడా, రేపు కూడా ఇత్తారట. మీవోల్లని ఎల్లమను," అనేది. నేను వచ్చాక కోడికీ దూడకీ ఆ పని తప్పి నాకు పడింది.

అన్నిటికన్నా కష్టం నా మొదటి కాన్పప్పుడైంది. చిన్నత్తకి మంచి హస్తవాసి అని పేరు, అందుకని పిలవకుండానే వచ్చి నా తల దగ్గర కూర్చుంది. మా అత్త పొయ్యి దగ్గర ఉంది. మధ్యలో నొప్పులు పడుతున్నది నేను.

"పిల్లా, నీల్లు ఇంకా కాగనేదేటని మీ అత్తనడుగు," అంది చిన్నత్త.

నేను పళ్ల బిగువున, "అత్తా, నీల్లు కాగలేదేటని అడుగుతంది," అన్నాను.

"కాగతన్నాయని సెప్పు. గుడ్డలు ఎక్కడెట్టిందో అడుగు."

నేను అడగబోయేలోగా ఇంకో నొప్పి వచ్చింది. మంత్రసాని వాళ్లిద్దరినీ చూసి, "ముందు ఆ పిల్లని కననియ్యండమ్మా. కబుర్లు తరవాత మోయించుకుందురు," అంది.

నా పెళ్ళయిన మూడో ఏడో నాలుగో ఏడో, మా ఊరు ఉక్కు ఫ్యాక్టరీ భూముల్లోకి వెళ్లిపోయింది. ఊరందరికీ గాజువాక పక్కన కాలనీలో స్థలాలు ఇస్తామన్నారు. ఊరు పోతున్నందుకు అందరూ దిగులు పడ్డారు. మా అత్తా దిగులు పడింది గాని, మధ్యమధ్యలో ఆమె ముఖం కొంచెం వెలిగేది. కొత్త కాలనీ పెద్దదట, ఎవరెక్కడ పడతారో తెలియదట. అంటే ఆ మనిషిని రోజూ చూడాల్సిన పని ఉండదు.

స్థలాలిచ్చే రోజు గుమాస్తా ఇంటిపేర్ల వరసన పిలిచాడు. మామకి ఒక స్థలం, చినమామకి దాని పక్క స్థలం వచ్చాయి. మధ్యలో గోడ ఒకటి కట్టుకోవాలి, అంతే.

మా అత్త ఆ గుమాస్తా దగ్గరకి వెళ్లి, "బాబూ, ఇంటిపేరు మార్సుకోడానికి ఎవుల్నడగాల?" అంది.

అతను తలెత్తి చూసి, "ఎందుకమ్మా?" అన్నాడు.

"ఊరికినే, తెలుసుకుందారని."

ఓటర్ల జాబితాలో వాళ్ల పేర్లు పక్కపక్కనే ఉండేవి. రేషన్ కొట్టు దగ్గర కార్డులు ఒకదాని మీద ఒకటి పెట్టేవారు. నాకు తెలిసి మా అత్తలిద్దరినీ కలిపి ఉంచడానికి ప్రభుత్వం పడినంత శ్రమ ఇంకెవరూ పడలేదు.

కాలనీకొచ్చిన కొన్నేళ్లకి మా అత్త కళ్లకి శుక్లాలు మొదలయ్యాయి. ముందు ఆమె ఒప్పుకోలేదు. గోడ మీద గుమ్మడికాయని పిల్లి అనుకుని అదిలించింది. అది కదలకపోయేసరికి, "ఈ కాలనీ పిల్లులకి బయం నేదు," అంది. ఇంటికొచ్చిన పోస్టుమాన్ని మా ఆయన అనుకుని, ఈ ఎండలో ఎందుకు తిరుగుతున్నావని కేకలేసి, మజ్జిగిచ్చి కూర్చోబెట్టింది. పాపం ఆ పోస్టుమాన్ తాగి, దండం పెట్టి వెళ్లాడు. ఆపరేషన్ మాటెత్తితే మాత్రం, "నాకు బాగానే కనబడతంది," అనేది.

ఆమె మనసు మారింది వీధి కుళాయి దగ్గర. ఒకరోజు పొద్దున్న బిందె పట్టుకుని వెళ్లి, అక్కడున్న ఆకుపచ్చ చీర మనిషిని చివరింటి ఆవిడ అనుకుంది. "ఒదినా," అని మొదలుపెట్టి నా మీద చెప్పాల్సినవన్నీ చెప్పింది. నాకు పప్పులో ఉప్పేయడం గుర్తుండదని, మా ఆయన నన్నేమీ అనడని, తన మోకాళ్ల నొప్పి సంగతి ఇంట్లో ఎవరికీ పట్టదని. పావుగంట చెప్పింది. ఆ మనిషి అంతా విని, బిందె నింపుకుని, ఒక్క మాటైనా అనకుండా వెళ్లి మా పక్కింట్లోకి దూరింది.

మా అత్త ఇంటికొచ్చి మంచం మీద కూలబడింది.

"అన్నీ దాని సెవిలో పోసీసినాను పిల్లా. ఎనక్కి తీసుకోడానికి నేదు." కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఆపరేసన్ సేయించీసుకుంతాను. ఎవుల్తో మాటాడతన్నానో తెలీకపోతే ఎలగ బతకడం?" అంది.

అంటే చిన్నత్తతో ఇంకోసారి పొరపాటున కూడా మాట్లాడకుండా ఉండడానికి ఆమె కళ్లు బాగుచేయించుకోదలిచింది.

ఆ వేసవిలో గాజువాక హైస్కూల్లో కంటి ఆపరేషన్ల శిబిరం పెట్టారు. మా అత్త పేరు నేను రాయించాను. చిన్నత్త కళ్లు కూడా అలాగే ఉన్నాయని నాకు తెలుసు. ఆమె పాయసంలో ఉప్పు పోసిన సంగతి ఆమె కోడలు గోడ మీంచి నాకు చెప్పింది. ఆ అమ్మాయికీ నాకూ మంచి స్నేహం. ఆమె కూడా తన అత్త పేరు రాయించింది. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదనుకున్నాం. చెబితే ఇద్దరూ మానేస్తారు. అంతమంది జనంలో ఎవరెక్కడ పడుకుంటారో ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాం.

వాళ్లూ ఇంటిపేర్ల వరసనే మంచాలిచ్చారు.

ఆడవాళ్లని తొమ్మిదో తరగతి గదిలో పెట్టారు. నల్లబల్ల మీద ఎవరో వేసిన త్రిభుజం ఇంకా చెరపలేదు. మా అత్తది ఇరవై మూడో మంచం. ఆపరేషన్ అయ్యాక రెండు కళ్లకీ కట్టు కట్టి తీసుకొచ్చి పడుకోబెట్టారు. అప్పట్లో ఐదు రోజులు అలాగే ఉంచేవారు. డాక్టరు వచ్చి జాగ్రత్తలు చెప్పాడు. తల కదపకూడదు. దగ్గకూడదు, తుమ్మకూడదు. గట్టిగా నవ్వకూడదు, ఏడవకూడదు. కోపం తెచ్చుకోకూడదు.

మా అత్త అంతా విని, "ఇయ్యేయీ సెయ్యకుండా ఉండాలంతే సచ్చిపోతే సరిపోద్ది గదా బాబూ," అంది.

గంట తరవాత ఇరవై నాలుగో మంచం మీదకి ఇంకో మనిషిని తెచ్చారు. ఆ మనిషి చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నది చిన్నత్త కోడలు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని అక్కడే ఆగిపోయాం. మంచం మార్చమని అడుగుదామంటే కారణం గట్టిగా చెప్పాలి. చెబితే ఇద్దరూ లేచి ఇంటికి నడుస్తారు. లేవకూడదని డాక్టరు చెప్పి గంటే అయింది. చేసేది లేక రెండు మంచాల మధ్య నేల మీద చాపేసుకుని, చెరో విసనకర్రా పట్టుకుని కూర్చున్నాం.

కాసేపటికి చిన్నత్త, "మంచినీల్లు," అంది.

మంచం పట్టె మీద తాళం వేస్తున్న మా అత్త వేళ్లు అలాగే ఆగిపోయాయి.

మరి కొంతసేపటికి మా అత్త, "పిల్లా, ఈగలు తోలు," అంది. దుప్పటి కింద చిన్నత్త పాదాలు ఆడుతున్నవి కాస్తా ఆగిపోయాయి.

ఇద్దరికీ తెలిసిపోయిందని మాకు తెలిసింది. మాకు తెలుసని కూడా వాళ్లకి తెలిసే ఉంటుంది. ఆ రోజంతా ఆ రెండు మంచాల మీంచి ఇంక మాట రాలేదు. ఆ గదికంతా సరిపడా మాటలు ఇరవై ఐదో మంచం మీంచి వచ్చాయి. ఆమె పట్నంలో పాత పోస్టాఫీసు దగ్గర గాజుల కొట్టు వాళ్ల ఇంటావిడ, సాయిబుల మనిషి. కూతురు గాజువాకలో ఉంటే ఆపరేషన్ కోసం వచ్చింది. అందరం ఆమెని గాజులమ్మ అన్నాం. కళ్లకి గంతలున్నా ఆమె ఎవరి గొంతు వింటే వాళ్లకి ఏ కొలత గాజులు పడతాయో చెప్పేది.

రెండో రోజు పొద్దున్న గాజులమ్మ మాట్లాడి మాట్లాడి అలిసి నిద్రపోయింది. చిన్నత్త పైకప్పు వైపు ముఖం పెట్టి, ఎవరినీ కానట్టు, "ఈపక్క మంచం మీద ఎవులమ్మా? ఏ ఊరు?" అంది.

నా చేతిలో విసనకర్ర ఆగింది. మా అత్త అన్నం ఉడికేంత సేపు ఆలోచించింది.

"మాది పరవాడమ్మా," అంది చివరికి. "మరి తమరిది?"

"మాది గోపాలపట్నం."

మా అత్త పరవాడ వెళ్లింది ఒకేసారి, ఎవరో చనిపోతే. గోపాలపట్నం నా పుట్టిల్లు. చిన్నత్త అక్కడికి నా పెళ్లికి వచ్చి, అన్నం తిని వెళ్లింది.

"గోపాలపట్నం మంచి ఊరా?" అని అడిగింది మా అత్త.

"సేనా మంచిదమ్మా. ఇంట్లో కూకుంతే సముద్రం గాలి తగుల్తాది."

ఇరవై ఏళ్లు గోపాలపట్నంలో పెరిగిన నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. సముద్రం గాలి కాదు, మా ఇంట్లో కూర్చుంటే లారీల దుమ్ము తగిలేది.

అక్కణ్ణించి వాళ్ల మాటలు సాగాయి. పిల్లలెందరు, ఏం చేస్తున్నారు, ఆపరేషన్లో నొప్పి పుట్టిందా, ఇక్కడి ఉప్మా ఎలా ఉంది. ఇవన్నీ ముప్పై ఆరేళ్లుగా ఒకరినొకరు అడగని ప్రశ్నలే.

"కోడలు మంచిదేనా?" అంది చిన్నత్త.

"మంచిదేనమ్మా. పప్పులో ఉప్పెయ్యడం మరిసిపోద్ది."

"తెలుసు."

"ఏటి?"

"అదే, మా కోడలూ అంతే అంతన్నాను."

చిన్నత్త కోడలు నా వైపు చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆమె వంటకి ఆ వీధిలో పేరుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మాటలు తోటికోడళ్ల మీదకి వచ్చాయి. ముందెత్తింది మా అత్తే.

"తమకి తోటికోడలుందా అమ్మా?"

"ఉంది. పక్కిల్లే. ఉన్నా ఒకటే, నేకపోయినా ఒకటే."

"మాకూ ఉంది. మాటల్లేవు."

"మాకూ నేవు."

"దానికి గర్వమమ్మా. నడిత్తంతే నేల కనబడదు దానికి."

"మా ఆవిడికి కోపమమ్మా. కోడితో మాటాడతాది గానీ మనిసితో మాటాడదు."

ఎవరూ గొంతు పెంచలేదు. డాక్టరు చెప్పింది ఇద్దరికీ గుర్తుంది. పక్కింటి మీద వినయంగా ఫిర్యాదు చేసుకుంటున్నట్టు, మెల్లగా, తల కదపకుండా, ఒకరినొకరు తిట్టుకున్నారు. ఒకరు ఒకటి చెబితే రెండోవారు, "అయ్యో పాపం, ఎలగ పడతన్నావమ్మా," అని జాలి పడ్డారు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా చెరో గోడ వైపు తిరిగి కూర్చున్నాం.

గాజులమ్మ ఎప్పుడు లేచిందో గాని అంతా వింటూ ఉంది. "అరే అమ్మా," అంది, "మీ ఇద్దరి తోటికోడళ్లూ ఒక్క తీరుగానే ఉన్నారే. ఆ ఇద్దర్నీ తెచ్చి ఒక ఇంట్లో పెట్టెయ్యండి. మీ పరేషానీ పోతుంది."

చిన్నత్త, "ఆలిద్దరూ కొట్టుకు సత్తారమ్మా," అంది.

"సత్తే మనకేటి," అంది మా అత్త.

మూడో రోజు గాజులమ్మే అడిగింది, అసలు గొడవ ఎందుకొచ్చిందని. ఆమెకి కూతురు తెచ్చిన ఖర్జూరాలు అందరికీ పంచింది కాబట్టి జవాబు చెప్పక తప్పలేదు. మా అత్త ఫొటో సంగతి చెప్పింది. చెవి సంగతి చెప్పింది. గాజులమ్మ నవ్వబోయి, నవ్వకూడదని గుర్తొచ్చి ఆగింది.

"ఒక్క పొటోకి ఇన్నేళ్లా అమ్మా?" అంది.

దానికి మా అత్త అన్న మాట నేను అంతకుముందెప్పుడూ వినలేదు. మా ఆయన కూడా విని ఉండడు.

"అప్పుటికి నాకు పెల్లయి ఎనిమిదేల్లు. పిల్లల్నేరు. ఊల్లో అందరూ నా మొకం సూసి అదే అడిగీవోరు. కొత్త కోడలొచ్చింది, అదేనా కంతాదిలే అనీవోరు. పిల్లల్నేరు, పొటోలోనూ నాను కనబడను. మరింక ఆ ఇంట్లో నానున్నానని రేపు ఎవులు సెప్తారమ్మా?"

నేను చిన్నత్త వైపు చూశాను. కట్టు కింద ఆమె పెదాలు రెండు మూడుసార్లు కదిలి ఆగాయి.

"మా ఇంట్లోనూ ఒక పొటో ఉందమ్మా పరవాడా," అంది చివరికి. "అందులో నా తల్లో పువ్వులున్నాయి. ఆ పువ్వులు ఎట్టింది ఎవులనుకున్నావు? మా అప్పే."

తోటికోడలిని మా వైపు అప్ప అంటారు, సొంత అక్కని పిలిచినట్టే.

"నాకు పెల్లయి నెల్లాల్లు. మా యమ్మ గుర్తొచ్చి పొద్దున్నించీ ఏడుత్తన్నాను. ఆవిడే కూకోబెట్టి, తల దువ్వి, జడేసింది. నాకు తెచ్చిన పువ్వులు ఎట్టింది. అయ్యి సాల్నేదని, తన కోసరం తెచ్చుకున్న కనకాంబరాలు కూడా నాకే ఎట్టీసింది. పొటోలో నువ్వు బాగా కనబడాలే అంది. మరి కనబడినాను."

మా అత్త చెయ్యి తన చెవి దుద్దు దగ్గరకి వెళ్లింది.

"ఆ సంగతి మీ తోటికోడలికి సెప్పనేదా?" అంది తరవాత.

"ఆవిడ అడగనేదు. నాకూ కోపం. తనే ఎట్టి, తనే తిడితే ఏటి సెప్పేది?"

"మరిసిపోయింటాది."

"మరిసిపోయింటాది."

"మతిమరుపు మనిసి కాబోలు."

"పెద్ద మతిమరుపమ్మా."

అప్పుడే డాక్టరు గదిలోకి వచ్చాడు. ఇరవై మూడో మంచం దగ్గర ఆగి, కట్టు అంచు తడిగా ఉండడం చూసి, "ఏడవొద్దని చెప్పానా లేదా?" అన్నాడు.

"ఏడవనేదు బాబూ. సెమట," అంది మా అత్త.

అతను ఇరవై నాలుగో మంచం చూశాడు. అక్కడా చెమటే. గాజులమ్మకి కూడా చెమట పట్టింది. డాక్టరు మా ఇద్దరినీ గట్టిగా విసరమని మందలించి వెళ్లాడు.

ఐదో రోజు కట్లు విప్పారు. నాకు భయం పట్టుకుంది. చీకట్లో సాగిన స్నేహం వెలుతురులో ఏమవుతుందో తెలియదు. డాక్టరు మా అత్త కట్టు విప్పి మూడు వేళ్లు చూపిస్తే మూడని సరిగ్గా చెప్పింది. ఈలోగా పక్క మంచం మీద చిన్నత్త కట్టూ విప్పారు.

"ఆ పక్కన ఎవరున్నారో కనిపిస్తున్నారా?" అని అడిగాడు డాక్టరు.

మా అత్త తల మెల్లగా తిప్పి చిన్నత్తని చాలాసేపు చూసింది.

"సరిగ్గా తెల్డం నేదు బాబూ. ఎవులో పరవూరి మనిసి," అంది.

"నాకూ మసగ్గానే ఉంది," అంది చిన్నత్త తొందరగా.

అప్పట్లో ఆపరేషన్ అయిన నెలన్నరకి గాని కళ్లద్దాలు ఇచ్చేవారు కాదు. అంతవరకూ అలుక్కుపోయినట్టే ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఆ మాటకి వాళ్లిద్దరి ముఖాలూ తేటపడ్డాయి. ఇంకా నెలన్నర గడువు దొరికింది.

ఆ నెలన్నరా మా గోడకి ఇవతల పరవాడా, అవతల గోపాలపట్నమూ ఉండేవి. పొద్దున్న పళ్లు తోముకోగానే మా అత్త గోడ దగ్గరకి వెళ్లి, గాల్లోకి, "గోపాలపట్నం, లేసినావా?" అనేది. అవతల నుంచి, "లేసినాను పరవాడా. కంట్లో సుక్కలేసుకున్నావా?" అని వచ్చేది. ఎవరి గోడ ఎవరిది, ఎవరి ఇల్లెక్కడ అన్న ప్రశ్న ఇద్దరూ ఎత్తలేదు.

మామ ఒకరోజు నన్ను చాటుకి పిలిచాడు. "పిల్లా, మీ అత్తకి కల్లకే సేసినారా, బుర్రకి గానీ సేసినారా? పక్కింటిదాన్ని పట్టుకుని గోపాలపట్నం అంతందేటి?"

"కళ్లద్దాలొస్తే సర్దుకుంతాది మామా," అన్నాను. సర్దుకుంటుందో మళ్లీ విడిపోతుందో నాకూ తెలియదు.

అద్దాలు ఇద్దరికీ ఒకేరోజు వచ్చాయి. సీసా అడుగుల్లాంటి మందపాటి అద్దాలు, నల్ల ఫ్రేము. మా ఆయన రెండు జతలూ తెచ్చి, ఒకటి మాకిచ్చి రెండోది పక్కింట్లో ఇచ్చాడు. మా అత్త తనది ఒళ్లో పెట్టుకుని మధ్యాహ్నం దాకా పెట్టుకోలేదు. మెత్తటి గుడ్డ పెట్టి తుడిచింది, మళ్లీ డబ్బాలో పెట్టింది. పక్కింట్లో కూడా ఇదే వరస అని చిన్నత్త కోడలు వచ్చి చెప్పింది.

సాయంత్రం నాలుగింటికి మా అత్త లేచి, చీర సర్దుకుని, అద్దాలు పెట్టుకుని పెరట్లోకి నడిచింది. నేను వెనకే వెళ్లాను. చిన్నత్త అప్పటికే గోడకి అవతల నిలబడి ఉంది. ఆమె కళ్లకీ అద్దాలున్నాయి. ఆ అద్దాల్లోంచి ఇద్దరి కళ్లూ కోడిగుడ్లంత కనిపిస్తున్నాయి.

ఒకరినొకరు సరిగ్గా చూసుకుని ఎన్నేళ్లయిందో. మామూలుగా ఎదురుపడితే ముఖం తిప్పుకునేవారు. తరవాత కొన్నేళ్లు తిప్పుకోకపోయినా కనిపించేది కాదు. మా అత్త మనసులో ఉన్నది పదహారేళ్ల పూల పిల్ల అయి ఉంటుంది. ఎదురుగా ఉన్నది నెరిసిన జుట్టు, రాలిన పళ్లు, సొట్ట బుగ్గలు.

"ఓలమ్మా," అంది మా అత్త, "ఇంత ముసిలిదానివైపోనావేటే?"

"నువ్వు పడుసుపిల్లలాగున్నావేటి అప్పా," అంది చిన్నత్త.

అంతే. మా అత్త గోడ మీద ఉన్న ఎండు మిరపకాయల చేట తీసి పక్కన పెట్టింది. ఆ జాగాలో చిన్నత్త మోచేతులు ఆనించుకుంది. చీకటి పడేదాకా అక్కడే నిలబడి మాట్లాడుకున్నారు. మా తాతమామ పోయినప్పటి సంగతులు, మా ఆయన పుట్టినప్పుడు చిన్నత్త చాటుగా కట్టిన మొక్కు, చిన్నత్త రెండో పిల్ల పోయినప్పుడు మా అత్త ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు అన్నం మానేసిన సంగతి. ముప్పై ఆరేళ్ల ఇంటి చరిత్ర ఇద్దరి దగ్గరా చెరి సగం ఉండిపోయింది. ఆ నెలంతా ఒకరి సగం ఇంకొకరికి ఇచ్చుకున్నారు. నేను చెవులప్పగించి వినబట్టి ఈ ఇంటి సంగతులు నాకు తెలిశాయి.

అదే నెలలో ఇద్దరూ కలిసి సిటీ బస్సెక్కి పాత పోస్టాఫీసు దగ్గరకి వెళ్లి, గాజులమ్మ కొట్టు వెతికి పట్టుకున్నారు. నేను తోడు వెళ్లాను. గొంతు విని ఆమె ఇద్దరినీ పోల్చుకుని, "మీ తోటికోడళ్లతో మాటలు కలిశాయా అమ్మా?" అని అడిగింది.

"నేదమ్మా," అంది మా అత్త, గాజులు ఎంచుకుంటూ. "అయి మారే రకాలు కావు."

చిన్నత్త కూడా తలూపింది. నేను చెబుదామని నోరు తెరిస్తే మా అత్త నా కాలు తొక్కింది.

ఇదంతా బాగానే ఉంది గాని, ఆ తరవాత మా కోడళ్లిద్దరి బతుకూ కష్టమైంది. కొత్త అద్దాలతో వాళ్లకి అన్నీ కనిపించడం మొదలైంది. మా అటక మీద బూజు, గిన్నె అడుగున మసి, చిన్నత్త కోడలు పెరుగన్నంలో పడ్డ వెంట్రుక. ఇంతకుముందు ఒకరి కోడల్ని ఒకరు మెచ్చుకుని ఎదుటిమనిషిని ఏడిపించేవారు. ఇప్పుడు ఇద్దరూ ఒకటై, పొద్దున్న మా వంటగది, సాయంత్రం వాళ్ల వంటగది చూసేవారు. చిన్నత్త కోడలు ఒకరోజు గోడ దగ్గర నన్ను పట్టుకుని, "ఆలిద్దరికీ మల్లా గొడవెట్టడానికి ఏదేనా దారుందేటి అక్కా?" అంది. ఇద్దరం చాలా ఆలోచించాం. కుదరలేదు. వాళ్లు రోజుకి నాలుగుసార్లు కీచులాడుకునేవారు, నాలుగుసార్లూ భోజనం వేళకి సర్దుకునేవారు.

మామకీ చినమామకీ అరుగు మీద చోటు పోయింది. ఆడవాళ్లిద్దరూ పొద్దున్నే అక్కడ చేరి బియ్యం ఏరుకుంటూ కూర్చునేవారు. అన్నదమ్ములు చుట్టలు జేబులో వేసుకుని, బస్టాపు దగ్గర టీ బడ్డీకి మకాం మార్చారు. ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి పిలవడానికి నేను అక్కడికి వెళ్లాను. ఇద్దరూ బల్ల మీద కూర్చుని వచ్చే పోయే బస్సులు చూస్తున్నారు.

"ఇంకా మాటాడుకుంతన్నారా?" అన్నాడు మామ.

"మాటాడుకుంతన్నారు మామా."

చినమామ అన్న వైపు చూశాడు. మామ బడ్డీ అతని వైపు తిరిగి, "బావా, ఇంకో రెండు టీలు," అన్నాడు.